పాల కోసం పరుగు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత వినకుండా తెలుగింట్లో పెరిగినవాళ్లు అరుదు. మన పెద్దలకు పరుగంటే మొదటినుంచీ అనుమానమే. కుక్క తరిమితే పరుగెత్తాలి, బస్సు కదిలిపోతుంటే పరుగెత్తాలి, అప్పిచ్చినవాడు వీధి చివర కనిపిస్తే పరుగెత్తాలి. తరిమేది ఏదీ లేకుండా, అందుకోవాల్సింది ఏమీ లేకుండా, తెల్లవారకముందే నిక్కరు వేసుకుని రోడ్డున పడి పరుగెత్తే మనిషిని చూస్తే, వాకిట్లో ముగ్గేస్తున్న ఇల్లాలు ఇప్పటికీ చెయ్యి ఆపి మరీ చూస్తుంది.

ఆ సామెతను తలకిందులు చేసిన మనిషి ఒకాయన ఉండేవారు. అదీ మన సికింద్రాబాద్‌లోనే. దేశ విభజన నాటి మారణకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకుని ఢిల్లీ చేరిన మిల్ఖా సింగ్‌ను సైన్యం మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి తీసుకుంది. 1950ల మొదట్లో ఆయన సికింద్రాబాద్‌లోని సైన్యపు ఈఎంఈ సెంటర్‌లో ఉండగా కొత్త జవాన్లందరికీ క్రాస్‌కంట్రీ పరుగు పెట్టారు. వందల మందిలో ఆయన ఆరోవాడిగా వచ్చారు. మొదటి పదిమందిని అథ్లెటిక్స్ శిక్షణకు ఎంపిక చేశారు. శిక్షణలో ఉన్నవాళ్లకు రోజూ అదనంగా ఒక గ్లాసు పాలు దొరుకుతాయి. ఆకలి తెలిసిన ఆ కుర్రాడికి పరుగు మీద ఆశ పుట్టించింది ఆ పాలే. ఒలింపిక్స్ అంటే ఏమిటో అప్పటికి ఆయనకు తెలియదు.

1958లో కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల ఫైనల్లో సెకనులో పదో వంతు తేడాతో కాంస్యం చేజారింది, నాలుగో స్థానం దక్కింది. అప్పటికి పాల కరువు ఎప్పుడో తీరిపోయింది. పరుగు మీద ఆకలి మాత్రం తీరలేదు.

పరుగును ఇష్టపడేవాళ్లను ఎవరిని కదిపినా ఇలాంటి కథే బయటపడుతుంది. మొదలుపెట్టించిన కారణం ఒకటి, మాననివ్వని కారణం ఇంకొకటి. మొదటిది అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు. షుగరు వచ్చింది, పొట్ట పెరిగింది, డాక్టరు కోప్పడ్డాడు, నోటిఫికేషన్ పడింది. రెండోది అడిగితే మాత్రం కాస్త నసుగుతారు. సిగ్గుపడతారు కూడా. ఇష్టమైనదాన్ని ఎందుకు ఇష్టమో చెప్పమంటే ఎవరికైనా అంతే.

నోటిఫికేషన్ పరుగు తెలుగు జిల్లాల్లో ఒక ప్రత్యేకమైన వ్యవహారం. శ్రీకాకుళం వైపు ఆర్మీకి వెళ్లాలనుకునే కుర్రాళ్లు, కరీంనగర్, వరంగల్ వైపు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యేవాళ్లు తెల్లవారుజామున కాలేజీ గ్రౌండ్లలోనో, ఊరి బయట బైపాస్ రోడ్ల మీదో గుంపులుగా కనిపిస్తారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ల లెక్క ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాలి. వాళ్ల భాషలో ఇవి ‘ఈవెంట్స్’. బైకు స్టాండు వేసి, ట్యాంకు మీద కూర్చుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకున్న మిత్రుడు ఒక్కో రౌండుకూ గట్టిగా టైము అరుస్తుంటాడు. నాలుగో రౌండులో ఎవడి మొహమూ చూడబుద్ధి కాదు. కింద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, రెండు నిమిషాల తర్వాత లేచి “ఎంతొచ్చింది?” అని అడుగుతారు.

ఉద్యోగం వచ్చాక వీళ్లలో చాలామంది పరుగు మానేస్తారు. పని అయిపోయింది కదా. కానీ ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. యూనిఫాం వచ్చినా, పెళ్లయినా, నైట్ డ్యూటీ పడినా ఆ గ్రౌండు వదలరు. ఇప్పుడు వాళ్లకు టైము అరిచేవాడు లేడు, అవసరమూ లేదు. ఈ కాలమ్ వాళ్ల గురించే.

నిజం చెప్పాలంటే పరుగు మొదటి పది నిమిషాల్లో ఎవరికీ నచ్చదు. ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లకు కూడా. లేసు బిగించి రోడ్డెక్కగానే పిక్కలు రాళ్లలా ఉంటాయి, ఊపిరి అడుగుకీ అడుగుకీ మధ్య తెగిపోతుంటుంది, ఇంటికెళ్లి పడుకోవడానికి కావలసిన సాకులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తాయి. ఒళ్లు తీరు చలికాలంలో పాత స్కూటర్ తీరే. కదలడం మొదలవగానే కాళ్ల కండరాలు ఆక్సిజన్ కోసం ఎగబడతాయి. గుండె, ఊపిరితిత్తులు మాత్రం ఆ వేగానికి చేరుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఈలోపు శరీరం సరిపడా ఆక్సిజన్ లేకుండానే ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ ఇబ్బందినే మనం ఆయాసం అంటాం, మనవల్ల కాదనుకుంటాం. పదో నిమిషం దాటాక సరఫరా కుదురుకుంటుంది. ఊపిరి తనంతట తానే ఒక వరుసలో పడుతుంది. మూడడుగులకు లోపలికి, మూడడుగులకు బయటికి. పిక్కల సంగతి మర్చిపోతాం. చేతులు ఎక్కడ ఉన్నాయో గుర్తుండదు. పరుగు అసలు మొదలయ్యేది అప్పుడు. చాలామంది ఆ పదో నిమిషం దాకా ఆగకుండానే, నాకూ పరుగుకూ పడదని తేల్చేసుకుంటారు.

దీనికి స్కూలు స్పోర్ట్స్ డే కూడా కొంత కారణం. మనకు తెలిసిన పరుగల్లా విజిల్ వేయగానే పళ్లు బిగించి ఉరికే వంద మీటర్లు. అదే వేగంతో రోడ్డెక్కితే రెండో కరెంటు స్తంభం దగ్గరే పని అయిపోతుంది. మెల్లగా పరుగెత్తడం నేర్చుకోవాల్సిన విద్య. పక్కవాడితో మాటలు తెగకుండా కబుర్లు చెప్పగలిగినంత వేగమే సరైన వేగమని కోచ్‌లు చెబుతారు. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించాల్సిందే.

ఈ మెల్లని పరుగుకు పెద్ద దిక్కు న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. ఆక్లాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని, వారానికి వందమైళ్ల దూరం హాయిగా పరుగెత్తిస్తే వేగం దానంతటదే వస్తుందని తేల్చాడు. మిల్ఖా నాలుగో స్థానంలో నిలిచిన ఆ రోమ్‌లోనే లిడియార్డ్ శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణాలు కొట్టారు. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా చెప్పుల్లేకుండా మారథాన్ గెలిచిందీ ఆ ఒలింపిక్స్‌లోనే.

ఛాంపియన్లను తయారు చేయడం ఒక ఎత్తు. లిడియార్డ్ అంతకంటే పెద్ద పని ఇంకోటి చేశాడు. గుండెజబ్బు వచ్చి కోలుకుంటున్న మధ్యవయస్కులను, ముసలివాళ్లను కూడగట్టి 1962 ప్రాంతంలో ఆక్లాండ్‌లో జాగింగ్ క్లబ్బు నడిపించాడు. గుండె బాగాలేనివాడు కదలకుండా మంచం మీద ఉండాలని డాక్టర్లు చెబుతున్న కాలం అది. ఆ ఏడాది చివర్లో అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్ బిల్ బోవర్‌మన్ అక్కడికి వెళ్లాడు. లిడియార్డ్ ఆయన్ను కూడా ఆదివారం పరుగుకు తీసుకెళ్లాడు. ఒలింపియన్లకు శిక్షణ ఇచ్చే యాభై ఏళ్ల కోచ్, గుండెపోటు చూసిన డెబ్బై దాటిన పెద్దాయనతో సమానంగా పోలేక రొప్పాడు. ఆ అవమానాన్ని బోవర్‌మన్ అమెరికాకు మోసుకెళ్లాడు. జనాన్ని గ్రౌండుకు రమ్మన్నాడు. 1967లో ఒక గుండె వైద్యుడితో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాస్తే అది లక్షల్లో అమ్ముడైంది. ఆయనే నైకీ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడు కూడా. ఉదయం పూట మామూలు మనుషులు పనేమీ లేకుండా పరుగెత్తడమనే అలవాటు అమెరికాలో అంతగా వ్యాపించి అరవై ఏళ్లే అయింది.

అలవాటు కొత్తది, కాళ్లు మాత్రం చాలా పాతవి. హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్, యూటా యూనివర్సిటీకి చెందిన డెనిస్ బ్రాంబుల్ 2004లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మనిషి శరీరం దూరపు పరుగుకు తగ్గట్టు రూపుదిద్దుకుందని వాళ్ల వాదన. మడమ పైన స్ప్రింగులా పనిచేసే పొడవాటి స్నాయువు, పరుగులో తల ఊగిపోకుండా మెడ వెనక పట్టే కట్టు, నడకలో పెద్దగా పని లేని బలమైన పిరుదు కండరం, ఒళ్లంతా చెమట గ్రంథులు. చింపాంజీకి ఇవి ఈ స్థాయిలో లేవు. చిరుత వేగంలో మనల్ని చిత్తు చేస్తుంది కానీ, ఎండలో గంటసేపు ఆగకుండా పరుగెత్తమంటే చతికిలబడుతుంది. మనకు చెమట ఉంది. ఆ చెమట కూడా ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే గాలిలో తడి నిండిన విశాఖ బీచ్ రోడ్డు మీద మే నెలలో పరుగెత్తేవాడు బనీను పిండుకుంటూ ఇంటికి వెళ్తాడు, అదే వేగంతో డిసెంబరులో ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కువ వెళ్లి వస్తాడు.

పరుగు తర్వాత వచ్చే మత్తులాంటి హాయి గురించి శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం కొట్టుకున్నారు. మొదట ఎండార్ఫిన్ల వల్ల అన్నారు. జిమ్ముల్లో ఇప్పటికీ అదే మాట వినిపిస్తుంది. తర్వాత శరీరమే తయారు చేసుకునే గంజాయి తరహా పదార్థాల వైపు చూపు మళ్లింది. 2021లో జర్మనీ పరిశోధకులు ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు ఇచ్చి మరీ మనుషులను పరుగెత్తించి చూశారు. అయినా హాయి తగ్గలేదు, ఆందోళన మాత్రం తగ్గింది. కారణం రక్తంలో ఉందో మెదడులో ఉందో వాళ్లు తేల్చుకుంటారు. పరుగెత్తి వచ్చిన రోజు భర్త ఇంట్లో తక్కువ చిరాకు పడతాడని చాలామంది భార్యలకు ఏ ల్యాబూ లేకుండానే తెలుసు.

అయితే హాయి కోసం మొదలుపెట్టేవాళ్లు తక్కువ. దుఃఖంతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పంజాబ్ రైతు ఫౌజా సింగ్ వాళ్లలో అందరికంటే పెద్ద. కొడుకు ఒకడు కళ్లెదుట ప్రమాదంలో పోయాడు. తను ఇంగ్లండ్‌లో ఇంకో కొడుకు దగ్గర ఉండేవాడు. భాష రాదు, పని లేదు, దిగులు తప్ప తోడు లేదు. ఎనభై తొమ్మిదో ఏట పరుగు పట్టాడు. మొదటి రోజు కోచ్ దగ్గరికి త్రీపీస్ సూటులో వచ్చాడని చెబుతారు. 2000లో లండన్ మారథాన్ పూర్తి చేశాడు. 2011లో టొరంటోలో వందేళ్ల వయసులో 42.195 కిలోమీటర్లూ పూర్తి చేశాడు. జనన ధ్రువీకరణ పత్రం లేదని గిన్నిస్ వాళ్లు ఆ రికార్డును ఒప్పుకోలేదు. 1911లో పంజాబ్ పల్లెలో ఎవరు ఇస్తారు ఆ కాగితం? నూట రెండో ఏట హాంకాంగ్‌లో పోటీలకు సెలవు చెప్పాడు, రోజువారీ నడక మానలేదు. 2025 జులైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 114.

కూర్చుని బుర్రతో పనిచేసేవాళ్లకు పరుగు ఇచ్చేది మరొకటి. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో పూర్తి చేశాడు. మన మారథాన్లలో అయితే ఆ టైముతో ముందు వరుసలో ఉండేవాడు. జపాన్ నవలాకారుడు హరుకి మురకామి టోక్యోలో నడిపిన జాజ్ బారు అమ్మేసి, రాయడమే పనిగా పెట్టుకున్నాక ఒళ్లు పెరుగుతోందని 1982లో పరుగు మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు, దండిగా సిగరెట్లు కాల్చేవాడు. తర్వాత ఏటా ఒక మారథాన్ అన్నట్టు పరుగెత్తి, దాని మీద ఒక పుస్తకమే రాశాడు.

ఈ కాలమిస్టు ఆ ఇద్దరి పక్కన నిలబడే రకం కాదు. రక్తపరీక్ష రిపోర్టులో ఎర్రగీత పడిన అంకెలు చూసి బూట్లు కొన్నవాడు. అంకెలు దారికొచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు పరుగులో అతనికి నచ్చేది ఫోను జేబులో లేకపోవడం. ఆ గంటలో అతణ్ని ఎవరూ ఏమీ అడగలేరు. ఇంకోటి, ఊరు నిద్ర లేవడం దగ్గర నుంచి చూడొచ్చు. మూసిన షాపు మెట్ల మీద పేపర్ కుర్రాళ్లు కట్టలు విప్పి కూర్చుంటారు. ఎడమ చేత్తో మెయిన్ పేపర్ తెరిచి, కుడి చేత్తో జిల్లా ఎడిషన్ లోపలికి తోసి, దాని మీద నగల షాపు కరపత్రం వేసి, మడిచి పక్కకి. ఒక్కోటి రెండు సెకన్లు. తలెత్తరు. తను మూడు రోజులు కూర్చుని రాసినదాన్ని వాళ్లు అంత వేగంగా మడతపెట్టి, గేటు మీదుగా గురిచూసి విసరడం ఈ కాలమిస్టు చూస్తూ పరుగెత్తుతాడు. అహం తగ్గడానికి ఇంతకంటే మంచి వ్యాయామం అతనికి ఇంకా దొరకలేదు.

ఫోను లేకుండా, తోడు లేకుండా చీకట్లో పరుగెత్తే ఈ సుఖం మగవాళ్లకు దొరికినంత తేలికగా ఆడవాళ్లకు దొరకదు. ఒకప్పుడు రేసుల్లోకే రానిచ్చేవాళ్లు కాదు. బాబీ గిబ్ అనే అమెరికన్ యువతి బోస్టన్ మారథాన్ చూసి మనసు పారేసుకుంది. రెండేళ్లు సాధన చేసి దరఖాస్తు పెట్టుకుంటే, ఆడవాళ్లకు అంత దూరం పరుగెత్తే శక్తి ఉండదని నిర్వాహకులు తిప్పికొట్టారు. 1966లో ఆమె స్టార్టు దగ్గర పొదల్లో దాక్కుని, రేసు మొదలయ్యాక గుంపులో కలిసిపోయి, 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. మరుసటేడు క్యాథరిన్ స్విట్జర్ ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు మాత్రమే రాసి 261 నంబరు సంపాదించింది. దారిలో రేసు అధికారి ఒకడు ఆమెను పట్టి లాగబోయిన ఫొటో ప్రపంచమంతా చూసింది. బోస్టన్‌లో ఆడవాళ్లకు అధికారికంగా చోటు దొరికింది 1972లో. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984 దాకా లేదు. అప్పటివరకు వాళ్లకు 1500 మీటర్లే ఆఖరు.

మన ఊళ్లలో నిర్వాహకులు అడ్డుపడరు. వీధి అడ్డుపడుతుంది. వేసుకున్న బట్టల మీద చూపులు, పక్కనే మెల్లగా నడిచే బైకు, ఇంట్లో పిల్లల స్కూలు క్యారేజీ టైము. అందుకే మన ఆడవాళ్లు ఎక్కువగా గుంపులుగా పరుగెత్తుతారు. ఆ గుంపులో మగవాళ్ల గుంపు కంటే మాటలు ఎక్కువ, పోటీ తక్కువ. లిడియార్డ్ చెప్పిన వేగం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తికి పరుగు ఇచ్చింది వేరు. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్ల. గ్రహణం నాడు పుట్టిందని, తేడాగా ఉందని ఊళ్లో ఎన్నో మాటలు అన్నారు. స్కూలు గ్రౌండులో ఆమె పరుగు చూసి పీఈటీ గుర్తించారు, తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ తీసుకొచ్చి తీర్చిదిద్దారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కష్టకాలంలో తల్లిదండ్రులు అమ్ముకున్న పొలాన్ని బహుమతి డబ్బుతో తిరిగి కొనిపెట్టింది.

ఇంత చెప్పినా ఇంట్లో పెద్దవాళ్ల ప్రశ్న ఒక్కటే ఉంటుంది. మోకాళ్లు అరిగిపోవూ? ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు కాలి మీద పడే మాట నిజమే. కానీ 2017లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్క చూస్తే, సరదాకు పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. కూర్చునే ఉండేవాళ్లలో 10.2 శాతం. పోటీలకు కఠినంగా పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. అతి చేస్తే ముప్పే, అసలు కదలకపోయినా ముప్పే. సరదాకు పరుగెత్తేవాడి మోకాలే అన్నిటికంటే నయంగా తేలింది. పెద్దవాళ్లు ఈ లెక్క విని, “అయినా జాగ్రత్త నాయనా” అంటారు.

హైదరాబాద్‌లో ఈ జాగ్రత్తలన్నీ ఆగస్టు దగ్గరపడేకొద్దీ గాలికి పోతాయి. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే సిటీ మారథాన్‌లో ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు ఎక్కువ. అందుకని జూన్ నుంచే ఆదివారం లాంగ్‌రన్‌లు సాగదీస్తారు. పరుగయ్యాక ఏదో ఒక ఇడ్లీ బండి చుట్టూ చెమట బనీన్లతో చేరి తినేటప్పుడు జరిగే చర్చ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎవరి బూట్లు ఎన్ని కిలోమీటర్లకు పోయాయి, ఎవరి గోరు నల్లబడింది, ఎవరి వాచీ దూరం ఎక్కువ చూపిస్తోంది. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు ఊరుకోలేక, ఇంతకీ మీరందరూ ఎందుకు పరుగెత్తుతున్నారని అడిగాడు. బ్యాంకు మేనేజర్ ఒకాయన, టార్గెట్ల గురించి ఆలోచించని గంట ఇదొక్కటేనన్నాడు. రిటైరైన టీచరమ్మ, మనవడితో సమానంగా మెట్లెక్కాలి కదా అంది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి భుజాలెగరేసి, “తెలీదన్నా, రాకపోతే ఆ రోజంతా బాగోదు” అని ఊరుకుంది. నాలుగో ఇడ్లీ మీద అల్లం చట్నీ వేయించుకుంటున్న పెద్దాయన, తన కారణం ప్లేట్లోనే ఉందని చూపించాడు.

కుర్రాడు నవ్వి తన కారణం చెప్పబోయేలోపే, వచ్చే ఆదివారం కేబుల్ బ్రిడ్జి మీదుగా వెళ్లాలా, జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కాలా అని గొడవ మొదలైంది. చివరికి ఎత్తే ఖాయమైంది. నాలుగున్నరకల్లా రమ్మని, నీళ్లసీసా మర్చిపోవద్దని కుర్రాడికి గట్టిగా చెప్పి పంపారు.